‘ఆ’ ప్రశ్న ఎవరినడగాలి?

2003 సంవత్సరం. విజయవాడ సిటీ బస్సు కిటికీ పక్కన కూర్చుంటే చాలు, కూడలి కూడలికీ అదే ప్రశ్న ఎదురయ్యేది: ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అడుగుతున్నదెవరో, ఆ పులిరాజా ఎవరో తెలియదు. రద్దీ బస్సులో కండక్టరు “పులిరాజాలు ఎవరైనా ఉంటే ముందుకు జరగండయ్యా” అనేవాడు. బస్సు గొల్లుమనేది. ఆడవాళ్ల సీట్ల వైపు మాత్రం అందరూ ఉన్నట్టుండి కిటికీలోంచి బయటికి చూసేవారు. బళ్లో వెనక బెంచీ కుర్రాళ్లందరికీ అదే ముద్దుపేరు.

“నాన్నా, పులిరాజా అంటే ఎవరు?” అని అడిగాను. “నీకెందుకు? దిగాల్సిన స్టాపు చూసుకో” అన్నారాయన. ఆ తరం తండ్రుల్లో చాలామంది చెప్పిన జవాబే అది. అయితే వాళ్లక్కూడా ఎవరూ చెప్పలేదన్న సంగతి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక బాలుడి కేసు వింటూ, లైంగిక విద్య తొమ్మిదో తరగతి దాకా ఆగకూడదని, ఇంకా చిన్న వయసు నుంచే మొదలుకావాలని అంది. టీవీ చర్చల్లో ఎప్పటిలాగే రెండు వర్గాలు అరుచుకున్నాయి. బడిలో చెప్పాలా వద్దా అన్నదే గొడవంతా. మరి ఇన్నాళ్లూ మనకు చెప్పిందెవరు? గోడ మీది ప్రకటన, వారపత్రికలో ఒక పేజీ, సర్వే అంకె, సినిమా, ఇప్పుడు రీలు. మన జ్ఞానమంతా ఈ దారుల్లోనే వచ్చింది. ఒక్కో దారిలో ఎంత దుమ్ము అంటుకుందో చూద్దాం.

హోర్డింగు వెనక ఏముంది?

పులిరాజా ఊరికే పుట్టలేదు. అతనికి ముంబయిలో ఒక అన్న ఉన్నాడు, పేరు బల్బీర్ పాషా. పాపులేషన్ సర్వీసెస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ 2002 చివర్లో అతన్ని ఆ నగరం గోడలెక్కించింది. బోర్డులు రాయించే ముందు మగవాళ్లతో మాట్లాడి, వాళ్లు తమకు తాము చెప్పుకునే ధైర్యాలేమిటో రాబట్టారు. ముఖ్యంగా మూడు తేలాయి. తాగినప్పుడు కండోమ్ గుర్తుండదు. ‘నేను ఎప్పుడూ ఒకామె దగ్గరికే వెళ్తాను కాబట్టి నాకేం కాదు’ అన్నది రెండోది. ‘చూస్తే ఆరోగ్యంగానే ఉంది కదా’ అన్నది మూడోది. ప్రకటనలన్నీ ఈ మూడింటి చుట్టూ అల్లారు. ఇంటింటా సమాచారం సేకరించే సామాజిక శాస్త్రం, సబ్బులు అమ్మే ప్రకటనల విద్య ఇక్కడ కలిసి పనిచేశాయి.

ఈ ఎత్తు నాకు నచ్చడానికి కారణం ఒకటే. ‘నీకు వస్తుందా?’ అని ఎవరినీ నిలదీయలేదు, లేని మనిషి గురించి అడిగారు. టీ కొట్టు దగ్గర మనం ‘మా ఫ్రెండ్‌కి ఒక సమస్య’ అంటామే, సరిగ్గా ఆ పద్ధతి. ముంబయిలో మహిళా సంఘాలు మాత్రం ఒక అభ్యంతరం లేవనెత్తాయి. బల్బీర్ వెళ్లేది మంజుల అనే ఒకామె దగ్గరికే అయినా ఆమె దగ్గరికి ఇంకా చాలామంది వస్తారని ఒక ప్రకటన చెప్పింది. అంటే జబ్బు తెచ్చేది మంజులేనా? ఆమెకు ఇచ్చింది ఎవరు? ఆ ప్రశ్న ఏ హోర్డింగు మీదా కనబడలేదు.

> 57 లక్షలు ఒక్కసారిగా 25 లక్షలు
> మన దేశంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 57 లక్షలని ఐక్యరాజ్యసమితి విభాగం 2006లో అంచనా వేసింది. 2007 జులైలో ప్రభుత్వం ఆ అంకెను సుమారు 25 లక్షలకు సవరించింది. జబ్బు సగమైపోలేదు, లెక్క మారింది. అంతకుముందు గర్భిణులు, సుఖవ్యాధుల క్లినిక్‌లకు వచ్చినవాళ్ల రక్త నమూనాలే ప్రధాన ఆధారం. మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2005-06) తొలిసారి ఇళ్లకు వెళ్లి హెచ్‌ఐవీ పరీక్షకు నమూనాలు తీసుకుంది. క్యూలో నిలబడ్డవాళ్లను లెక్కపెట్టడం వేరు, ఊరందరినీ లెక్కపెట్టడం వేరు.

మడత పెట్టిన పేజీ

తెలుగిళ్లలో ఈ విషయం నేర్పిన అసలు బడి వారపత్రిక. ‘స్వాతి’ తన పేరు కిందే సపరివారపత్రిక అని వేసుకుంది. సపరివారంగా చదవలేని పేజీ కూడా అందులో ఒకటుండేది. విజయవాడ వైద్యుడు, నాస్తికోద్యమ నేత గోరా కుమారుడు డాక్టర్ జి. సమరం దశాబ్దాల పాటు పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చిన పేజీ అది. అద్దెకు పుస్తకాలిచ్చే షాపుల్లో పత్రిక చేతికి తీసుకోగానే ఏ పేజీ దగ్గర తెరుచుకునేదో ఆ కాలం వాళ్లకి చెప్పనక్కర్లేదు. అమ్మ సీరియల్ చదివి దిండు కింద పెట్టేది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఆ దిండు కింద నుంచే పిల్లలు లాగేవాళ్లు.

హస్తప్రయోగం వల్ల గుడ్డివాళ్లం అవుతామా, మొదటి రాత్రి రక్తం కనబడకపోతే భార్య చెడ్డదా, సైజు చాలదేమో... ఇలాంటి పేజీలకు వచ్చే ఉత్తరాల సారం ఇంతే, అటూ ఇటూ చేసి ఇవే భయాలు. సుఖం గురించి అడిగేవాళ్లు తక్కువ. ఎక్కువమందికి కావలసింది ఒక్క మాట: ‘నువ్వు మామూలుగానే ఉన్నావు’. ముంబయిలో డాక్టర్ మహీందర్ వత్స కూడా అలాంటి ఉత్తరాల మధ్యే గడిపారు. 1960ల్లోనే మహిళా పత్రికలకు జవాబులు రాసిన ఆయన, ఎనభై దాటాక 2005లో ‘ముంబయి మిర్రర్’లో రోజువారీ శీర్షిక మొదలుపెట్టారు. 2020 డిసెంబరులో 96 ఏళ్ల వయసులో పోయేదాకా చమత్కారంగా, ఎవరినీ చిన్నబుచ్చకుండా రాస్తూనే ఉన్నారు.

వీళ్లందరికంటే ముందు ఒక లెక్కల మాస్టారున్నాడు. పేరు రఘునాథ్ ధోండో కర్వే. వితంతు వివాహాల కోసం, స్త్రీ విద్య కోసం పోరాడిన మహర్షి కర్వే కొడుకు. 1921లో బొంబాయిలో సంతాన నియంత్రణ కేంద్రం తెరిచాడు, కాలేజీ ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. 1927లో ‘సమాజ్ స్వాస్థ్య’ అనే మరాఠీ పత్రిక పెట్టి 1953లో చనిపోయేదాకా నడిపాడు. 1934లో ఆయన మీద అశ్లీలం కేసు పడింది. నేరమేమిటి? హస్తప్రయోగం గురించి, స్వలింగ సంబంధాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు అచ్చువేయడం. కోర్టులో ఆయన తరఫున వాదించిన న్యాయవాది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. పాఠకుడు అడిగినప్పుడు తెలిసినవాడు జవాబివ్వడం తప్పెలా అవుతుందన్నది ఆ వాదన సారాంశం. కేసు ఓడిపోయారు. 200 రూపాయల జరిమానా పడింది. అంబేడ్కర్ గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పే సంగతుల్లో ఇది నాకెప్పుడూ కనబడలేదు.

> ఆమె రాసింది, ఆమె అచ్చు వేయించింది, వాళ్లు నిషేధించారు
> పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో వావిళ్ల వారి చేత అచ్చు వేయించారు. స్త్రీ కోరికను స్త్రీయే చెప్పిన కావ్యమది. అశ్లీలమంటూ ప్రభుత్వం మరుసటి ఏడు నిషేధించింది. మగ కవుల శృంగార ప్రబంధాలు మాత్రం పండితుల అలమరాల్లో భద్రంగానే ఉన్నాయి. టంగుటూరి ప్రకాశం హయాంలో 1947లో నిషేధం తొలగింది.

లాడ్జి గది డాక్టర్లు

డాక్టరు గారి పేజీ తిప్పితే ఏముండేది? తరచుగా ఆయన తిట్టిపోసిన సరుకే ఉండేది. ‘ధాతుపుష్టి’, ‘నరాల బలహీనత’, ‘చిన్ననాటి చెడు అలవాట్ల వల్ల కోల్పోయిన మగతనం’. రైలు ఊరి పొలిమేరకు వచ్చేసరికి గోడల నిండా అవే రాతలు. ఫలానా డాక్టరు ప్రతి నెలా ఫలానా తేదీల్లో ఫలానా లాడ్జిలో, ఫలానా నంబరు గదిలో కలుస్తాడు. మెట్లెక్కే కుర్రాడి జేబులో ఇంట్లో చెప్పకుండా తెచ్చిన డబ్బులుంటాయి. అతని జబ్బు ఆ గోడే అంటించిందని అతనికి తెలియదు.

వీర్యం పోతే ప్రాణం పోయినట్టేనన్న భయాన్ని వైద్యశాస్త్రం ఒక పేరు పెట్టి చదివింది. మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ‘ధాత్ సిండ్రోమ్’ అన్నాడు. నీరసం, నిద్రలేమి, దిగులు అన్నీ నిజమే, వాటికి కారణమని మనిషి నమ్మేదే అబద్ధం. ఇది మన దేశపు పిచ్చేనని నవ్వుకోనక్కర్లేదు. 1760లో స్విట్జర్లాండ్ వైద్యుడు తిస్సో ఇదే భయం మీద ఒక గ్రంథం రాస్తే, యూరప్ నూరేళ్లకు పైగా వణికింది.

లైంగిక శక్తి పెంచుతామంటూ మందులకు ప్రకటనలివ్వడం మన దగ్గర 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ప్రకటన ఇచ్చినవాడే కాదు, అచ్చు వేసినవాడూ బాధ్యుడే. ఈ వాక్యం రాస్తున్నప్పుడు మా పత్రికా వృత్తివాళ్లం కాస్త తల దించుకోవాలి.

కందిరీగల మాస్టారు అడిగిన తీరు

1938లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో పెళ్లి గురించి ఒక పాఠ్యక్రమం పెట్టి, దాన్ని జీవశాస్త్రం ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ కిన్సేకి అప్పగించారు. అప్పటిదాకా ఆయన ఒక రకం కందిరీగలను వేల సంఖ్యలో పోగుచేసి కొలుస్తూ వచ్చాడు. విద్యార్థులు అడిగిన ప్రశ్నలకు జవాబు వెతకబోతే ఎక్కడా సమాచారం లేదు. సరే, కందిరీగల్లాగే మనుషుల్నీ లెక్కపెడదామనుకున్నాడు.

ఆయన గొప్పతనం అడిగే పద్ధతిలో ఉంది. ‘మీరెప్పుడైనా చేశారా?’ అని అడిగేవాడు కాదు, ‘మొదటిసారి ఎప్పుడు?’ అనేవాడు. చేయలేదని చెప్పే భారం ఎదుటివారి మీద పడేది. జవాబులు రహస్య సంకేతాల్లో రాసుకునేవాడు. మొహంలో ఆశ్చర్యం కనబడనిచ్చేవాడు కాదు. 1948లో మగవాళ్ల మీద 5,300 మంది జవాబులతో వచ్చిన గ్రంథం, పట్టికలూ గ్రాఫులతో 800 పేజీల బండరాయి, రెండు నెలల్లో రెండు లక్షల ప్రతులు అమ్ముడైంది. 1953లో స్త్రీల మీద గ్రంథం వచ్చేసరికి పత్రికల ఆకలి ఎంత పెరిగిందంటే, విలేకరులను విడతలుగా ఊరికి రప్పించి, ఆగస్టు 20కి ముందు ఒక్క ముక్క కూడా రాయబోమని సంతకాలు పెట్టించుకున్నారు. ఆ రోజున దేశమంతా మొదటి పేజీ ఆయనదే. మగవాళ్ల గుట్టు చెప్పినప్పుడు కుతూహలపడిన సమాజం ఆడవాళ్ల గుట్టు చెప్పేసరికి మండిపడింది. మరుసటి ఏడాదికల్లా రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ నిధులు ఆగిపోయాయి.

లోపాలు లేకపోలేదు. మాట్లాడడానికి ముందుకొచ్చినవాళ్ల జవాబులే ఎక్కువ, జైళ్లలో ఉన్నవాళ్ల శాతం కూడా మోతాదు మించింది. దేశమంతటికీ వర్తించే నమూనా కాదది, గణాంక నిపుణులు అప్పుడే చెప్పారు. పత్రికలకది పట్టలేదు. పదహారు నుంచి యాభై అయిదేళ్ల మధ్య కనీసం మూడేళ్ల పాటు దాదాపుగా స్వలింగ సంబంధాల్లోనే ఉన్న మగవాళ్లు పది శాతమని కిన్సే రాస్తే, షరతులన్నీ రాలిపోయి ‘పదిమందిలో ఒకరు’ అన్న మాట మిగిలింది. ఆ మాట ఇప్పటికీ బతికే ఉంది.

సగటు చేసిన గొడవ

మన దగ్గర ఇలాంటి తమాషా 2022 ఆగస్టులో జరిగింది. ‘పదకొండు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువమంది లైంగిక భాగస్వాములు’ అని ఒక్క రోజులో దేశమంతా శీర్షికలు. ఆధారం అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. రాజస్థాన్ స్త్రీల సగటు 3.1, పురుషులది 1.8. వాట్సాప్ గ్రూపుల్లో మావయ్యలు, బాబాయిలు విశ్లేషకులైపోయారు.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. అంతకు ముందు పన్నెండు నెలల్లో జీవిత భాగస్వామి కాని, కలిసి ఉంటున్నవారు కాని మనిషితో సంబంధం ఉందని చెప్పిన మగవాళ్లు 4 శాతం, ఆడవాళ్లు 0.5 శాతం. ఎనిమిది రెట్ల తేడా. దేశం మొత్తం మీద జీవితకాలపు సగటు చూసినా మగవాళ్లది 2.1, ఆడవాళ్లది 1.7. శీర్షిక కావడానికి ఈ అంకెలకు అందం చాలలేదు. పైగా సగటుకో జబ్బుంది: తొంభై తొమ్మిది మంది ఒకటి అని, ఒక్కరు రెండు వందలని చెబితే సగటు మూడు దగ్గరికి పోతుంది. ఆ తొంభై తొమ్మిది మంది కథ అందులో కనబడదు.

ఇంకో సంగతి. ఆ ప్రశ్న అడిగిన చోటు ఊహించండి. వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చున్న కోడలు, ఎదురుగా ట్యాబ్ పట్టుకున్న సర్వే అమ్మాయి. ఆ ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదన్నది నియమం. కానీ మన ఇళ్లలో అయిదు నిమిషాల ఏకాంతం అంత తేలిగ్గా దొరుకుతుందా? “ఏంటమ్మా అడుగుతున్నారు?” అంటూ అత్తగారు మజ్జిగ గ్లాసుతో వస్తుంది. ఆ క్షణాన కోడలు చెప్పే జవాబు కూడా దేశపు లెక్కే అవుతుంది. మగవాళ్లు ఒకటికి రెండు కలుపుతారు, ఆడవాళ్లు రెండుంటే ఒకటి మింగుతారు. పరిశోధకులకు ఇది పాత సంగతే.

సర్వే తెచ్చిన కోర్టు పక్షి బతుకు

‘కలియుగ పాండవులు’ సినిమాతో మనకు పరిచయమైన నటి ఖుష్బూ, 2005లో తమిళ ఇండియా టుడే లైంగికతపై సర్వే ప్రచురించిన సందర్భంగా తన అభిప్రాయం చెప్పారు. చదువుకున్న మగవాడు తన భార్య కన్యగానే ఉండాలని ఆశించకూడదని, పెళ్లికి ముందు సంబంధం పెట్టుకుంటే గర్భం, జబ్బులు రాకుండా జాగ్రత్తపడాలని అన్నారు. ఎయిడ్స్ ప్రచారాలు చెబుతున్నదీ ఇదే కదా! ఆ మాటలు ఇంకో పత్రికలో మరింత కారంగా మారి వచ్చాయి. చీపుర్లు, చెప్పులతో ఊరేగింపులు జరిగాయి. ఇరవైకి పైగా కేసులు పడ్డాయి. 2010 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు వాటన్నిటినీ కొట్టేసింది. అయిదేళ్లు పట్టింది. వందలమంది మాటల్ని శాతాలుగా వేస్తే సర్వే అయింది. ఒక ఆడమనిషి తన పేరుతో చెబితే నేరమైంది.

> 25 లక్షల కథ
> పురుషులతో సంబంధాలున్న పురుషులు 25 లక్షలని ప్రభుత్వం 2012లో సుప్రీంకోర్టుకు చెప్పింది. అది ఆరోగ్య పథకం కోసం వేసిన అంచనా. ‘దేశంలో స్వలింగ సంపర్కులు 25 లక్షలు’ అని వార్తలొచ్చాయి. 2013 డిసెంబరులో, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను నిలబెడుతూ, వీళ్లు జనాభాలో అతి స్వల్ప భాగమేనని కోర్టు అంది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తిరగరాసింది. హక్కుకు తలల లెక్కతో పని లేదని తేలడానికి అయిదేళ్లు పట్టింది.

డెస్కులో మారిన మాటలు

నేను డెస్కులో చేరిన కొత్తలో ‘మానభంగం’ అని శీర్షిక పెట్టాను. మా సీనియర్ అక్క కాపీ వెనక్కి తోసింది. “భంగమైంది ఎవరి మానం రా? దాడి చేసినవాడిదా, ఆ పిల్లదా?” అంది. ఆ రోజు నుంచి ‘అత్యాచారం’, ‘లైంగిక దాడి’. ‘అక్రమ సంబంధం’ పోయి ‘వివాహేతర సంబంధం’ వచ్చింది. వ్యభిచారాన్ని నేరంగా చూసిన 497వ సెక్షన్‌ను 2018లో సుప్రీంకోర్టు కొట్టేశాక ‘అక్రమం’ అనడానికి చట్టం సాక్ష్యం కూడా లేకుండా పోయింది. అయినా జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు పాత మాట తొంగిచూస్తూనే ఉంటుంది.

తెలుగుకి ఇక్కడో ఇబ్బంది ఉంది. శరీర భాగాల పేర్లలో సంస్కృతంవి ఆసుపత్రి వాసనేస్తాయి, అచ్చ తెలుగువి తిట్లయిపోయాయి. మధ్యలో ఇంట్లో అనుకోదగ్గ మాట ఒక్కటీ మిగల్లేదు. అందుకే ‘అక్కడ’, ‘ఆ విషయం’, ‘అది’. డాక్టరు దగ్గరికి వెళ్లి “అక్కడ నొప్పండీ” అనే ఆడవాళ్లకి రోగం ఆలస్యంగా బయటపడుతుందంటే అందులో వింతేముంది?

ఇంటి దగ్గర చదువుకోండి

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు మా మాస్టారు మొక్కల భాగం రెండు రోజులు చెప్పారు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి “ఇది ఇంటి దగ్గర చదువుకోండి” అని పుస్తకం మూశారు. ఎయిడ్స్ భయంతోనే 2005 ప్రాంతంలో కేంద్రం కౌమార విద్య కార్యక్రమం తెచ్చింది. బొమ్మలు చూసి 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలు వద్దన్నాయి. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడిలో లైంగిక విద్య అక్కర్లేదని తేల్చింది. 2023లో హిందీ సినిమా ‘ఓఎంజీ 2’ బడిలో ఈ పాఠం కావాలని వాదిస్తే సెన్సారు దానికి ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చింది. ఎవరి గురించి తీశారో ఆ పిల్లలే చూడకూడదన్నమాట.

ఆ ఖాళీలోకి ఫోన్ వచ్చింది. మంచి డాక్టర్లు కూడా రీళ్లు చేస్తున్నారు. కానీ ‘సెక్స్’ అని రాస్తే వీడియో ఎవరికీ చేరదన్న భయంతో అక్షరాల మధ్య చుక్కలు పెడుతున్నారు. ఏ చుక్కలూ అక్కర్లేని బూతు బొమ్మలు మాత్రం రెండు నొక్కుల దూరంలో ఉన్నాయి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం హెచ్‌ఐవీ గురించి సమగ్రమైన అవగాహన ఉన్నది 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 21.6 శాతం, పురుషుల్లో 30.7 శాతం. ఆ అవగాహనకు పెట్టిన పరీక్షలో ఒక ప్రశ్న: ఆరోగ్యంగా కనబడే మనిషికి హెచ్‌ఐవీ ఉండవచ్చా? బల్బీర్ పాషా బోర్డుల మీద చెప్పిన సంగతే.

మొన్న విజయవాడ వెళ్లినప్పుడు అదే కూడలిలో బస్సు కోసం నిలబడ్డాను. పులిరాజా ఉన్న చోట ఇప్పుడు గులాబీ రంగు హోర్డింగు, నవ్వుతున్న జంట, చేతుల్లో పసిబిడ్డ. నా పక్కన యూనిఫారంలో ఉన్న పాప కూడబలుక్కుని చదివింది.

“సంతాన సాఫల్య కేంద్రం. అంటే ఏంటమ్మా?”

“పిల్లలు పుట్టనివాళ్లకి పుట్టేలా డాక్టర్లు సాయం చేసే చోటు నాన్నా.”

పాప కాసేపు ఆలోచించింది. “మరి మామూలుగా ఎలా పుడతారు?”

తల్లి ఒకసారి నా వైపు చూసి, వంగి పాప చెవిలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అంతలో బస్సు వచ్చింది.